వలకు వదులు, వైరస్‌కు తోక

నా కూతురి కూతురు విశాఖలో ఉండి వైరస్‌ల మీద పరిశోధన చేస్తుండేది. ఆ వేసవిలో ఒకరోజు చెప్పాపెట్టకుండా సామానంతా సర్దుకుని భావనపాడులో నా దగ్గరికి వచ్చేసింది. "ఇంక సదవను అమ్మమ్మా" అంది. ఎందుకని అడిగితే మాట మార్చేసింది.

మర్నాడు సిగ్నల్ కోసం ఇసుక దిబ్బెక్కి, స్నేహితురాలితో ఫోనులో "తోకంతా డిజార్డరే" అంటుంటే నా చెవిన పడింది. డిజార్డర్ అంటే ఆసుపత్రిలో జబ్బుకి చెప్పే మాటని నాకు తెలుసు. పిల్లకి నడుం కింద ఏదో వచ్చిందనుకున్నాను. గబగబా ఆముదం వెచ్చబెట్టి పట్టుకొచ్చాను.

"బోర్లా పడుకోయే, మర్దనా సేస్తాను. నా దగ్గర సిగ్గేటి?"

ముందు పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"నాకు కాదే! తట్టు తెచ్చే వైరస్‌లో ఒక ప్రోటీన్ ఉన్నాది. దానికో తోక. మిగతా ఒళ్లంతా గట్టిగా ముడుసుకుని ఉంటాది గాని, ఈ తోకకి ఓ రూపం లేదు, దారప్పోగులాగ ఊగుతాది. దాన్నే డిజార్డర్ అంటారు. ఉత్తదే కదాని కోసేసి సూసినాను. వైరస్ పనే ఆగిపోనాది. ఏడాది కష్టం సముద్రంలో పోసినట్టే."

సగం కట్టి వదిలేసిన కొత్త వల ఒళ్లోకి లాక్కున్నాను. వలని తాడుకి కట్టేటప్పుడు బిగలాగం. కుచ్చులు కుచ్చులుగా వదులుంచి కడతాం. మా పుట్టింటివాళ్లు చేపలమ్మేవాళ్లే గాని వలలు కట్టేవాళ్లు కాదు. పెళ్లైన కొత్తలో ఆ కుచ్చులు దండగనుకుని నీటుగా బిగించి కట్టాను. వేటకెళ్లిన మా ఆయన ఉత్త వలతో తిరిగొచ్చి, పదిమందిలో "ఒసే, సేపలకి గోడ కట్టినావేటే?" అన్నాడు.

ఆ సంగతి చెబితే పిల్ల కళ్లు తుడుచుకుంది.

"అంటే వదుల్లోనే పట్టుంటాదా?"

"మరేటి! బిగిస్తే సేప గుద్దుకుని ఎల్లిపోతాది, వదులైతే సుట్టుకుంటాది."

వల కుచ్చొకటి వేలికి చుట్టి వదులుతూ అంది: "తోక కూడా అంతే. ఎదర ఇంకో ప్రోటీన్ తగిలినప్పుడు ఓ ముక్క సుట్టుకుని పట్టుకుంటాది, మళ్లీ వదిలేస్తాది. అలాగే పని నడిపిస్తాది. కోస్తే ఆగిపోనాదంటే నాను పాడుసేసినట్టు కాదే అమ్మమ్మా! పగ్గం దాని సేతిలోనే ఉన్నట్టు."

నాకు సగమే అర్థమైంది. దాని ముఖం మాత్రం తేటపడింది.

మూడో రోజు మళ్లీ విశాఖ వెళ్తానంటే టెక్కలి బస్సెక్కించాను. కిటికీలోంచి గట్టిగా అరిచింది: "ఈపాలి తోక మొత్తం కొయ్యనే, కొంచెం కొంచెం కోసి సూస్తాను!"

బస్సులో జనమంతా నా వైపు తిరిగి చూశారు. "అలాగే తల్లీ" అని చెయ్యూపాను.