అమ్మ చెప్పిన బొగ్గుల సంగతి

తమ్ముడు రైల్వే మెడికల్‌లో ఫేలయ్యాడు. చీకటి గదిలో డాక్టరు దీపాలు ఒక్కొక్కటే వెలిగించి రంగు చెప్పమన్నాడట. వీడు ఎర్రదాన్ని ఆకుపచ్చ అన్నాడు, ఆకుపచ్చదాన్ని ఎరుపన్నాడు. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాయపూర్‌లో మా తెలుగువాళ్ల క్వార్టర్లలో డ్రైవరు కొడుకు ఇంజన్లో బొగ్గేసే ఫైర్‌మన్‌గా లోకోషెడ్డులో చేరడం అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నంత మామూలు. మా నాన్న అభన్‌పూర్ మీదుగా ధమ్తరి వెళ్లే చిన్నబండి నడిపేవాడు. సిగ్నలు రంగు తెలియనివాణ్ణి ఇంజనెక్కనివ్వరని ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

కారణం మాత్రం నాన్నమ్మ ఆ పూటే, అమ్మని చూపించి, తేల్చేసింది. మా ఇళ్లన్నిట్లోనూ పొయ్యిలోకి షెడ్డు బొగ్గే. "కడుపుతో ఉన్నన్నాళ్లూ పొయ్యి ముందు కూకుని, ఎర్రగా కాలే బొగ్గుల్ని గుడ్లప్పగించి సూసీది. ఒద్దే అంటే ఇన్నాదా? పిల్లడి కళ్లల్లో ఎరుపంతా అప్పుడే మాడిపోనాది," అంది. పొయ్యి చూడకుండా ఇంటిల్లిపాదికీ వంట ఎలా చేస్తారో ఆవిడే చెప్పాలి. పక్క క్వార్టర్లవాళ్లు వచ్చి అవునవునని వెళ్లారు. అమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నాన్న అయితే అసలు అమ్మతో మాట్లాడడమే మానేశాడు. కంచంలో కూర చాలకపోతే చెయ్యి ఆపి కూర్చునేవాడు, అమ్మే చూసుకుని వడ్డించాలి. నెలల తరబడి ఇదే వరస. ఇంట్లోకి అడుగు పెట్టాలంటేనే నాకు నీరసం వచ్చేది.

ఆడపిల్లనైనా నేనప్పుడు ఊళ్లో కాలేజీలో ఇంటర్ సైన్సు చదువుతున్నాను. ఉల్లిపాయ వేళ్ల కొసలు కోసి, రంగు పట్టించి, గాజుపలక మీద నలిపి మైక్రోస్కోపులో చూడమన్నారు. కణం లోపల పొట్టి దారప్పోగులు కనిపించాయి. ఒక్కో పోగూ నిలువునా రెండుగా విడిపోయి, చెరోటి చెరో పక్కకి చేరి, ఒక కణం రెండవుతుంది. ఏ కణానికీ తక్కువ రాదు. మనుషుల్లో ఈ పోగులు నలభై ఎనిమిది అంటే బట్టీ పట్టాను. కాదు, నలభై ఆరేనని తర్వాతెప్పుడో అన్నారు. పోనీలెండి, అప్పటికే నా పరీక్ష అయిపోయింది.

బిడ్డ కోసం తయారయ్యే కణాల పద్ధతి వేరని లెక్చరర్ చెప్పాడు. వాటిలోకి సగం పోగులే వెళ్తాయి. తల్లి సగం, తండ్రి సగం కలిస్తే బిడ్డ. ఏ సగం వెళ్లాలన్నది ఎవరి చేతుల్లోనూ లేదు. ఇలా చెబుతూ ఆయన రంగులు పోల్చుకోలేని మగవాళ్ల సంగతి ఎత్తాడు. నా కలం ఆగిపోయింది. బొగ్గు కాదు, పొయ్యి కాదు, అమ్మ చేసిందేమీ లేదు. కూర్చున్నచోటే నాన్నమ్మతో మనసులో దెబ్బలాట మొదలెట్టేశాను.

ఆయన ఇంకా ఆపలేదు. ఆ లోపం ఉండే రకం పోగులు ఆడవాళ్లకి రెండుంటాయి, మగవాళ్లకి ఒకటే. ఆడదానికి ఒకటి చెడినా రెండోది కాస్తుంది, రంగులు చక్కగా కనిపిస్తాయి. మగపిల్లాడికి ఉన్న ఆ ఒక్కటీ తల్లి ఇచ్చిందే. తండ్రికి సంబంధం లేదు. అంటే తిరిగి తిరిగి మళ్లీ అమ్మ దగ్గరికే వచ్చింది. సైన్సు కూడా నాన్నమ్మ పక్షమే చేరినట్టు అనిపించి, ఇంటిదాకా కాళ్లీడ్చుకుంటూ నడిచాను.

అమ్మ ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. అమ్మకి ఆ పోగు ఎవరిచ్చారో తేల్చుకుందామని పక్కన కూర్చుని, "తాతయ్యకి రంగులు తెలిసేవా అమ్మా?" అని అడిగాను.

అమ్మ నవ్వింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు చూసి. "మా అయ్యకా? మిరపతోటలోకి ఎళ్తే నన్ను ఎంటబెట్టుకునీవోడు. ఇది పండిందా అమ్మా, అది పండిందా అని అడిగి కోసీవోడు. నేనంటే ముద్దు అనుకునీదాన్ని."

నేనింక దాచలేకపోయాను. పోగుల సంగతి, సగాల సంగతి, తాతయ్య నుంచి ఆమెకీ ఆమె నుంచి తమ్ముడికీ ఎలా వచ్చిందో అంతా చెప్పాను. అమ్మ చేతిలో కాయ కింద పెట్టేసింది.

"అయితే బొగ్గు కాదన్నమాట."

"కాదమ్మా. నీ తప్పేమీ లేదు."

"ఆ పోగు నీకూ ఒచ్చిందేటి?"

"వచ్చుండొచ్చు, రాకపోయుండొచ్చు. సగానికి సగం. కొడుకు పుడితేగాని తెలీదు."

అమ్మ వాకిలికేసి ఓసారి చూసింది. "ఎవరికీ సెప్పకు," అంది. "బొగ్గంటే నా బుద్ధితక్కువ. అది నాతోనే పోద్ది. రక్తంలో ఉందంటే నిన్నెవరు సేసుకుంటారే? మనోళ్లందరికీ కొడుకులు ఇంజనెక్కాల."

"మరి నీకు అన్యాయం కదమ్మా?"

"అలవాటైపోనాది," అని మళ్లీ కాయ అందుకుంది.

ఆ పై వేసవిలో బిలాస్‌పూర్ నుంచి నన్ను చూసుకోవడానికి వచ్చారు. వాళ్లదీ డ్రైవర్ల ఇల్లే. అబ్బాయి తల్లి కూర్చుంటూనే, "మీ వాడు షెడ్డులో ఎందుకు చేరలేదండీ?" అని అడిగింది. నాన్నమ్మ నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. కడుపుతో ఉండగా పెద్దావిడ వద్దంటున్నా వినకుండా తను పొయ్యి ముందు ఎలా కూర్చున్నదీ, బొగ్గులు ఎలా కాలేవో, తెల్లవార్లూ కళ్లలో ఆ ఎరుపే ఎలా మెదిలేదో పూసగుచ్చినట్టు చెప్పింది. నాన్నమ్మ కూడా ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు. అబ్బాయి తల్లి జాలిపడి, "అయ్యో, ఆ టైములో మా కోడల్ని పొయ్యి దగ్గరికి రానివ్వంలెండి వదినగారూ," అంది. సంబంధం ఖాయమైంది.

వాళ్లని స్టేషన్లో దింపి వచ్చి నాన్న కుర్చీలో కూర్చున్నాడు. ఏడాదిగా అమ్మతో పలకని మనిషి, ఆమెకేసి కాకుండా నాన్నమ్మకేసి తిరిగి, "ఇన్నాళ్లకి దాని నోటితో అది ఒప్పుకున్నాది," అన్నాడు. అమ్మ నాకేసి చూసింది, నోరు మెదపొద్దని.