సైజు అంటే గంజి

నేను ఇంతకు ముందు ఏదీ రాయలేదు. ఒడియా బడిలో అయిదో తరగతి దాకా చదివాను. తెలుగు అక్షరాలు ఇంట్లో మా అమ్మ నేర్పింది. తప్పులుంటే సర్దుకుని చదవండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మాది బరంపురంలో మగ్గం ఉన్న ఇల్లు. మా ఆయన నేస్తాడు. నేను పడుగుకి, అంటే మగ్గం మీద నిలువుగా వెళ్లే నూలుకి, గంజి పెడతాను. గంజి పట్టకపోతే నూలు తెగిపోతుంది.

మొన్న ఎండాకాలంలో సావుకారు గారు నలభై నూలు చున్నీలు నేయమన్నారు. హైదరాబాదులో ఒక బట్టల కొట్టుకి. ముందుగా ఒక్కటి నమూనాకి పంపారు. మిగతావన్నీ నేసి మూట కట్టి నేనే తీసుకెళ్లాను. సావుకారు గారి కొట్టు ముందు ఆటో ఆగి ఉంది. లోపల సావుకారు గారి అల్లుడు ఫోను చూస్తూ నిలబడ్డాడు. కొత్త అల్లుడు, పెద్ద చదువు.

"హైదరాబాదు వాళ్లకి నమూనా సైజు ఎక్కువైందట," అన్నాడు. "తగ్గించి పంపమని రాశారు. ఈ మూట ఇలాగే టైలరు దగ్గరికి పోవాలి. ఒక్కోదానికి జానెడు కోయించేస్తాను."

ఆ చున్నీలకి రెండు కొసల్లోనూ గుడి గోపురాల అంచు ఉంది. ఎటు కోసినా అంచు పోతుంది. మా ఆయన రెండు నెలల కష్టం అది.

"కోసీకండి బాబూ! నేను మూర ఏసి మరీ సూసుకున్నాను. కొలత సరిగ్గానే ఉంది," అన్నాను.

"ఇంగ్లీషులో స్పష్టంగా ఉందమ్మా."

సావుకారు గారి వైపు చూశాను. ఆయన ముప్పై ఏళ్లుగా బట్ట చేత్తో పట్టుకుని అది ఏ ఇంట్లో నేశారో చెప్పగల మనిషి. ఆయన కూడా తల గోక్కుని, "అల్లుడు గారు సెప్పేరు కదమ్మా," అన్నారు. అల్లుడి మాట కాదనడం ఆయన వల్ల కాదు.

"రాసింది రాసినట్టు ఒక్కసారి సదవండి బాబూ," అన్నాను.

"సైజ్ టూ హెవీ."

"హెవీ అంటే బరువు కదా? లారీల మీద రాసుంటాది. పొడుగెక్కువైతే పొడుగనే రాస్తారు గానీ, బరువెందుకంటారు?"

అతను నవ్వాడు. "లారీల మీద ఇంగ్లీషు నేర్చుకున్నావా?"

సావుకారు గారు కూడా నవ్వారు. సరిగ్గా అప్పుడే మా నాన్న మాట గుర్తొచ్చింది.

మా నాన్న సూరత్‌లో బట్టల మిల్లులో పనిచేసేవాడు. మా గంజాం జిల్లా నుంచి అక్కడికి మనిషి వెళ్లని ఇల్లు తక్కువ. సెలవుకి వచ్చినప్పుడు, "నీది ఏ పని నాన్నా?" అని అడిగితే, "సైజింగు" అనేవాడు. అదేమిటో నాకు అర్థమయ్యేది కాదు. "మీ యమ్మ పడుగుకి గంజి పెడతాది సూడు, అదే పనే. అక్కడ మిషను పెడతాది," అనేవాడు.

"బాబూ, సైజంటే గంజి!" అని గట్టిగా అరిచేశాను.

అరిచాక భయం వేసింది. ఎందుకంటే ఆ గంజి తప్పు నాదే. ఎండలకి నూలు మాటిమాటికీ తెగుతోందని ఈసారి చిక్కగా పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే అంచులు పోతాయి. చెప్పాను.

"నూలు తెగిపోతందని నేనే సిక్కగా పెట్టీసినాను. తప్పు నాది. కోసినా గంజి పోదు బాబూ. ఉతికితే పోతాది. ముందు ఆళ్లకి ఫోను సెయ్యండి."

చేశాడు. అటు నుంచి ఎవరూ ఎత్తలేదు. అతను ఆటోలో ఎక్కించడానికి మూట మీద చెయ్యి వేశాడు. నేను అందులోంచి ఒక చున్నీ లాగి పెరట్లోకి నడిచాను. గోరువెచ్చని నీళ్లడిగి, బకెట్లో నానబెట్టి, రెండుసార్లు పిసికి జాడించి తీగ మీద ఆరేశాను. ఆటోవాడు హారను కొడుతూనే ఉన్నాడు.

చున్నీ ఆరకముందే హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. అల్లుడు స్పీకరు పెట్టాడు.

"కొలత బాగానే ఉందండీ! గంజి, గంజి ఎక్కువైంది. అట్టముక్కలా ఉంది. మెడకి గుచ్చుకుంటోంది," అంది ఆ బట్టల కొట్టు ఆవిడ.

సావుకారు గారు లేచి పెరట్లోకి వచ్చి, తీగ మీది చున్నీని చెంపకి ఆనించుకున్నారు. "మెత్తగుంది," అన్నారు. తర్వాత వీధి వైపు తిరిగి, "ఒరే, నువ్ ఎల్లిపో! టైలరూ లేడు, గీలరూ లేడు," అని ఆటోవాడికి కేకేశారు.

అన్నీ ఉతికి, ఆరబెట్టి నాలుగో రోజున తీసుకెళ్లాను. అల్లుడు నాకు కుర్చీ వేశాడు. ఈ మధ్యలో ఆ మాట గురించి ఫోనులో వెతికాడట.

"సైజు అనే మాటకి మూలం కూర్చోవడం అట. పాతకాలంలో ఇంగ్లండులో పెద్దలు సభగా కూర్చుని రొట్టె ఎంతుండాలో, బీరు ఎంత పొయ్యాలో ఖాయం చేసేవారట. అలా ఖాయం చేసిన కొలతకి సైజు అని పేరొచ్చింది. గంజికి ఆ పేరెలా వచ్చిందో మాత్రం పండితులకే సరిగ్గా తెలీదు. అదే మాట నుంచి వచ్చి ఉండొచ్చని రాశారు."

"తెలీకపోడానికి ఏటుంది బాబూ?" అన్నాను. "జాకిట్టు సైజు కుదిరితే ఒంటి మీద కూకుందంటాం. గంజి కుదిరితే నూలు మీద కూకుందంటాం. రెండూ కూకోడమే కదా."

సావుకారు గారు పగలబడి నవ్వారు. "అల్లుడు గారూ, అది కూడా రాసుకోండి," అన్నారు.

అతను నిజంగానే రాసుకున్నాడు. తర్వాత మూట విప్పి, చున్నీలన్నీ అంచులతో సహా తన చేత్తోనే మడతపెట్టి హైదరాబాదు వెళ్లే పెట్టెలో సర్దాడు. నేను కుర్చీలోంచి లేవకుండా చూశాను.