దండెం మీద పెద్దమ్మ చీర

కోరుట్లలో మా అత్తగారి పక్కింటి పెద్దమ్మ మొన్న పోయింది. గర్భసంచి క్యాన్సర్. ఆస్పత్రికి తీసుకుపోయేసరికే ముదిరిపోయిందని మా అత్త ఫోన్లో చెప్పింది. ఇప్పుడు మేముండే సిరిసిల్లలో బస్సెక్కిన దగ్గర నుంచి నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఇలా ఎవరికైనా జరగవచ్చు కానీ ఆమెకు జరగకూడదు.

పెళ్లయిన కొత్తలోనే మా ఆయన దుబాయి పోయాడు. ఆయన పోయిన ఏడాదికి నాకు ముట్టు ఆగిపోయింది. అత్తగారింట్లో ముట్టయితే వేరే చాప, వేరే కంచం. చాప పరచలేదంటే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. రెండు నెలలు చూసి, మూడో నెల మా అత్త నాతో మాట మానేసింది. వంగినా లేచినా నా కడుపు వైపే చూసేది. దుబాయికి ఫోన్ చేసి చెప్తుందేమోనని నాకు ముద్ద దిగేది కాదు. నేను ఏ తప్పూ చేయలేదు. అయినా పిచ్చి భయం. స్నానాల గదిలో నా పొట్ట నేనే తడిమి చూసుకునేదాన్ని.

పెద్దమ్మ గోడ అవతల ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. నోరు పెద్దది. ఆమె గుమ్మంలో కూర్చుంటే గల్లీలో మగవాళ్లు కూడా తప్పుకుని నడిచేవాళ్లు. ఓ రోజు నా మొహం చూసి చాట పక్కన పెట్టింది. చెప్పిందంతా విన్నది. నువ్వేమన్నా చేసినవా అని అడగలేదు. అడగనందుకే బోరున ఏడ్చాను.

మర్నాడు జగిత్యాల ఆస్పత్రికి తీసుకుపోయింది. మా అత్తనూ వదల్లేదు, చెయ్యి పట్టి బస్సెక్కించింది. కడుపు లేదు, థైరాయిడ్ అని తేలింది. డాక్టరమ్మ ముందరే పెద్దమ్మ మా అత్త వైపు తిరిగింది.

"ఇన్నవా వదినా? నా మొగడు మస్కట్ల ఉన్నప్పుడు నాకు గిట్లనే నెల తప్పింది. మా అత్త నన్ను తల్లిగారింటికి తోలింది. గాడికి పోయినంక ముట్టయిన. నువ్వు గా పని చెయ్యకు."

మా అత్త తలెత్తలేదు. తిరుగు బస్సులో మాత్రం కిటికీ పక్క సీటు నాకిచ్చింది.

మందులు వాడాక ముట్టు వచ్చింది. అప్పట్లో మేం పాత గుడ్డలే వాడేవాళ్లం. ఎవరికీ కనబడకుండా దండెం మీద చీర కింద ఆరేస్తే, పెద్దమ్మ గోడ మీదుగా చూసి తిట్టింది.

"ఎండ తాకనియ్యి బిడ్డా. దొంగతనం చేసినవా దాసుకునేటందుకు? ఒంట్ల ఏదున్నా దాస్తె పుండయితది."

తర్వాత ఆ గల్లీలో ఏ ఆడపిల్లకు నెల తప్పినా చాట పక్కన పెట్టి వెంట పోయేది. బీడీలు రేపు చుట్టుకోవచ్చనేది. మరి తన ఒంటి సంగతి మాత్రం ఎవ్వరికీ చెప్పలేదు. ముట్లుడిగిన ఇన్నేళ్లకు మళ్లీ ముట్టయిందంటే నలుగురూ నవ్వరా అని, చివరికి ఆస్పత్రి మంచం మీద మా అత్తతో అన్నదట. ఎవరు నవ్వేవాళ్లు పెద్దమ్మా? ఒక్క మాట నాతో అనరాదా?

అందరూ వెళ్లాక పెద్దమ్మ కోడలూ నేనూ వాళ్ల ఇల్లు కడిగాం. స్నానాల గది మూల దండెం మీద ఆమె పాత చీర వేలాడుతోంది. ఉతుకుదామని తీశాను. దాని కింద వరసగా గుడ్డలున్నాయి. ఉతికినా పోని మరకలు, గాలాడక ముక్క వాసన. ఇవెవరివక్కా అని కోడలు అడిగింది.

వాటిని బకెట్లో వేసుకుని మిద్దెక్కాను. గల్లీ అంతా చూస్తుండగా ఒక్కొక్కటీ ఎండలో ఆరేశాను, మీద ఏదీ కప్పకుండా.