నొప్పి పోయిన ఆదివారం

మా అత్త లీదియా నోటికి అండమాన్‌లోని మా మాయాబందర్ జెట్టీ అంతా జడుస్తుంది. ఆమె టిఫిన్ కొట్టులో ఇడ్లీ గట్టిగా ఉందన్నవాడికి "అయితే మీ ఆవిడ వండింది తిను, ఫో" అని జవాబు. అలాంటి మనిషి చర్చిలో దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళకు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటి మెట్ల మీదికి వెళ్లిపోయేది. మొగుడు పోయిన దుఃఖం అనుకునేవాళ్లు. కోడలిగా వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఆమెను అక్కడ కూర్చోనివ్వనిది భయమని తర్వాత తెలిసింది.

మా మామ దేవప్రసాద్‌కి కింది దవడ పన్ను పుచ్చిందట. నొప్పికి తాళలేక గోడకు తల బాదుకునేవాడట. సంఘమంతా ప్రార్థన చేసింది. ఒక ఆదివారం పొద్దున లేచేసరికి నొప్పి మాయం. చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ వారం తిరక్కుండానే దవడ కింద వాచి, గొంతు మూసుకుపోయి, పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. కొందరు విషజ్వరం అన్నారు. కొందరు విశ్వాసం చాలలేదన్నారు. ఆ మాటన్న నోట్లో మన్ను పడ!

ఆ ఆదివారం అత్తను వదల్లేదు. సాక్ష్యాలు మొదలవగానే మామ గొంతు వినిపించేదట: "నొప్పి పోనాది, ప్రభువుకి స్తోత్రం." కొట్టులో పెనం కడుగుతున్నా ఒక్కోసారి వినిపిస్తుందని నాతో చెప్పింది.

మొన్న వానాకాలంలో అత్తకూ కింది దవడ పన్నే పట్టుకుంది. లవంగం పెట్టింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, మాత్రలు మింగింది. డాక్టర్ ఏం చెబుతుందోనని వెళ్లడానికి ససేమిరా అంది. ఒక పొద్దున నేను పిండి కలుపుతుంటే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"టీనా, నొప్పి పోనాదే."

"మంచిదే కదా అత్తమ్మా! స్తోత్రం చెప్పుకో."

"నోర్ముయ్యే! మీ మామకీ ఇలాగే పోనాది. చలో, బస్సెక్కుదాం."

పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో పళ్ల డాక్టర్ సుష్మ, ఈ దీవుల్లోనే పుట్టిన తెలుగు పిల్ల. చల్లటి దూది ముక్క పక్క పంటికి తాకించింది. అత్త "అబ్బా!" అని ఎగిరిపడింది. తర్వాత పుచ్చుపంటికి తాకించింది. అత్తలో చలనం లేదు.

"తగిల్నాదా ఆంటీ?"

"లేదు."

"లోపల నరం చచ్చిపోనాది. దర్ద్ బంద్ అయితే బాగయిపోయినట్టు కాదు ఆంటీ. చీము పంటి వేరు కొసన అలాగే ఉంటాది. ఎముకలోకి పాకుద్ది, ఒక్కోసారి మెడలోకీ దిగుద్ది. పన్ను పీకక్కర్లేదు. పైన చిన్న కన్నం చేసి, వేళ్ల లోపలి కుళ్లంతా తీసి కడిగి, మందు పెట్టి మూసేస్తాను. అదే రూట్ కెనాల్. ఆనక తొడుగు వేసుకుంటే నమలొచ్చు."

మామ సంగతి ఆమెకు రాగానే చెప్పాం. అత్త ఆమె మొహంలోకే చూస్తోంది. "మా ఆయన చర్చిలో నిలబడి చెప్పేటప్పటికే... ఇలాగే నరం చచ్చిపోయి ఉందా అమ్మా?"

"నేను చూడలేదు కదా ఆంటీ. అయ్యుండొచ్చు."

"ఆ రోజే ఎవరైనా చూసుంటే?"

సుష్మ మాస్కు కిందికి లాగింది. "ముందుగా వస్తే చాలామంది బతికిపోతారు," అంది.

అత్త ఏడుస్తుందనుకున్నాను. నోరు తెరిచి వెనక్కి వాలింది. మత్తుసూది గుచ్చాక డ్రిల్లు సన్నగా మోగుతుంటే, కుర్చీని గట్టిగా పట్టుకున్న ఆమె వేళ్లు చూసి నాకే ఏడుపొచ్చింది. పన్ను తెరుచుకోగానే కుళ్లు వాసన గుప్పుమంది. నోరు ఖాళీ అవగానే అత్త నా వైపు తిరిగింది.

"ఆయన నోట్లో ఈ వాసనే వచ్చేది టీనా. ఆ ఆదివారం కూడా వచ్చింది."

మళ్లీ వెళ్లి మిగతా పని పూర్తి చేయించుకున్నాం. తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళకు అత్త మెట్ల మీదికి వెళ్లలేదు. లేచి నిలబడింది. కొంగు పట్టి కూర్చోబెట్టబోయాను. ఆవిడ నోరు నాకు తెలుసు కదా!

"నొప్పి పోతే నేను స్తోత్రం చెప్పలేదు. డాక్టర్ దగ్గరికి పరిగెత్తినాను. అందుకే బతికున్నాను," అంది. "మా ఆయనకి విశ్వాసం చాలలేదన్నారు మీరు. ఆయన అబద్ధం చెప్పలేదు. నొప్పి నిజంగానే పోనాది. మనమంతా చప్పట్లు కొట్టినాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే."