మద్రాసు గేట్‌వే పలకని రోజు

రేడియోతో ఉత్తరాలను గాలిలో పంపే విద్యలో తిరుపతిలో నన్ను మించినవాడు లేడని చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఆ విద్య తెలిసినవాళ్ళం ఇద్దరమే. రెండోవాడే నాకు నేర్పాడు.

తుఫాను వెలిసిన మర్నాడు సూళ్లూరుపేట స్టేషన్లో చిక్కుకుపోయాను. రైళ్ళు లేవు, ఫోన్లు పలకడం లేదు. నా రేడియో పెట్టె చూసి ఒకాయన దగ్గరికొచ్చాడు.

"మద్రాసులో మా నాయన పోయినాడబ్బా. నేనొచ్చేదాకా శవాన్ని ఎత్తొద్దని తమ్ముడికి చెప్పల్ల. పక్కింటాయన ఈమెయిలు ఉండాది. పంపగలవా?"

"దాందేముందప్పా! గాల్లో వదిల్తే మద్రాసులో ఉండే గేట్‌వే రేడియో పట్టుకొని ఇంటర్నెట్లో పడేస్తాది. రెప్పపాటు పని," అని కోతలు కోశాను.

కబురు అందితే గేట్‌వే నుంచి జవాబు రావాలి. పదిసార్లు పంపినా రాలేదు. చుట్టూ మూగిన జనం నన్నే చూస్తున్నారు.

"అందిందా?" అన్నాడు.

"అందింది," అన్నాను.

ఆయన నా పెట్టెను తాకి కళ్ళకద్దుకున్నాడు. బయట తనకోసం ఆగి ఉన్న మద్రాసు లారీ దగ్గరికి వెళ్ళి, "నువ్వు పోప్పా, ఇంక నేను సరుకు మీద కూచోని రావాల్సిన పన్లేదు, వాళ్ళు ఆగుతారులే. నేను రైలొచ్చినాక వస్తా," అన్నాడు.

లారీ మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. తర్వాత పెట్టె మీద వంగి, పదకొండోసారి పంపాను.