మూడో ఫొటో

ఉదయగిరిలో ఫొటోలు తీసేవాడు లేక కాదు, నాయన నన్ను ఆత్మకూరుకు తీసుకుపోయింది. ఉన్న ఒక్కడూ రీలు మొత్తం అయిపోతేగానీ కడిగేవాడు కాదు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో వాడి దగ్గర ఫొటో దిగితే మన ముఖం మళ్ళీ ఎప్పుడు కనబడుతుందో దేవుడికే తెలియాలి. నాకు అంత గడువు లేదు. ఎనభైల మొదట్లో, నేను ఇంటర్ పాసైన వేసవి అది. టీచర్ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టాలి. ఫారం మీద కుడివైపు ఫొటో అంటించడానికి ఒక గడి గీసి ఉంది. మా ఇంట్లో ఫారం నింపిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఇంటిల్లిపాదికీ ఆ గడే పెద్ద బెంగ అయింది. ఆ గడి సరిగ్గా నిండితే సీటు వచ్చినట్టే అనుకున్నాం.

నాయన బజారులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. తెల్లగుడ్డ వేసుకుంటే ఫొటోలో ముఖం తేలదని ఎవరో చెప్పారట. లేత నీలం గుడ్డ తెచ్చి జాకెట్టు కుట్టడానికి కూర్చున్నాడు. చేతుల అంచు రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టాడు.

"ఫొటోలో చేతులు పడవు గదా నాయనా" అన్నాను.

"పడకపోతే వంకరగా కుట్టేదా?" అన్నాడు.

బయల్దేరే రోజు నా తల అవ్వ చేతికి చిక్కింది. నాయన వాళ్ళమ్మ ఆమె. ఆమె దృష్టిలో నూనె కారని తల తలే కాదు. "బస్సులో గాలికి ఎగరకూడదే" అంటూ అరసీసా కొబ్బరినూనె కుమ్మరించి, చెవులు నొప్పిపుట్టేలా రెండు జడలు బిగించింది. ఆత్మకూరులో దిగేసరికి ఆ నూనె కనుబొమ్మల దాకా జారి, దాని మీద దారిలోని దుమ్మంతా అంటుకుంది. స్టూడియో అద్దంలో చూసుకుని ఏడుపొక్కటే తక్కువ.

ఫొటోగ్రాఫరు మంచివాడే. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, లైటు వేసి, "ఏందన్నా ఇది, పాప ముఖం దీపంమాదిరి మెరస్తా ఉండాది" అని నాయనతో నవ్వాడు. తడి తువ్వాలు తెచ్చి నా నుదురూ బుగ్గలూ తనే గట్టిగా తుడిచి, పౌడరు అద్దాడు. "పాపా, గడ్డం దించు. ఊపిరి బిగబట్టు" అన్నాడు. నేను ఎంత బిగబట్టానంటే, అయిపోయిందని చెప్పాక కూడా వదల్లేదు.

మూడో రోజు నాయన ఒక్కడే పోయి, మూడు ఫొటోలున్న కవరు తెచ్చాడు. మర్నాడే దరఖాస్తుకు ఆఖరు రోజు. కవరు విప్పి చూశాం. మూడు ఫొటోల్లోనూ నా నుదుటి మీద గుండ్రంగా, నల్లగా, ముద్దుగా బొట్టు ఉంది.

మేం బాప్టిస్టులం. తాతల కాలం నుంచీ మా ఇంటి ఆడవాళ్ళు బొట్టు ఎరగరు. అవ్వ ఇంతెత్తున లేచింది. "ఏందిరా ఇది! సంఘంలో తలెత్తుకుని తిరగొద్దా?" అని నాయన మీద పడింది. నాకూ ఒళ్ళు మండింది. ఫారంలో మతం దగ్గర ఒకటి రాసి, పక్కన ఫొటోలో ఇంకొకటి కనిపిస్తే ఆఫీసువాళ్ళు ఊరుకుంటారా? నేను చదివిన చదువంతా ఒక చుక్కలో మునిగిపోయేట్టుంది.

ఒక్క మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. ఆ ఫొటోలో నేను బాగున్నాను. నా ముఖం నాకు నచ్చడం అదే మొదటిసారి. అందుకే అందరూ అరుచుకుంటున్నప్పుడు ఒక ఫొటో తీసి పుస్తకంలో దాచేశాను.

ఫొటో మీద సిరాతో దిద్దిన ఆ బొట్టు తడిగుడ్డతో తుడిస్తే పోలేదు. చివరికి నాయన కుట్లు విప్పే బ్లేడు తీశాడు. ఫారానికి కావలసినవి రెండు, గడిలో అంటించడానికి ఒకటి, జతచేయడానికి ఒకటి. "మూడోది ఏది?" అన్నాడు.

"పోయినట్టుంది నాయనా. ఎక్కడ పడిందో."

ఆయన నా వైపు ఒక్కసారి చూసి, తల వంచుకుని గీకడం మొదలుపెట్టాడు. గుడ్డ చిరగకుండా కుట్టు విప్పే చెయ్యి అది. అయినా కాగితం మీద బొట్టు పోయిన చోట తెల్లటి మచ్చ మిగిలింది.

పొద్దున్నే బస్సు ఆత్మకూరులో ఆగినప్పుడు స్టూడియోకి తాళం వేసి ఉంది. నెల్లూరు పోయి దరఖాస్తు ఆ ఫొటోలతోనే ఇచ్చేశాం. తిరిగివస్తూ దిగి అడిగితే ఫొటోగ్రాఫరు తల పట్టుకున్నాడు. "తుడిచింది నేనే గదన్నా! బొట్టు నా చేత్తోనే చెరిపేసినాననుకొని, నేనే కుంచెతో పెట్టినా" అన్నాడు. అంటే మూలం అవ్వ నూనె. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే, అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సర్టిఫికెట్లు చూసే రోజు భయపడిందే అయింది. ఆఫీసరు ఫారం చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫారం చూశాడు. "ఫొటోలో నుదుటి మీద మచ్చ ఉంది. నీకు లేదే?"

తలుపు దగ్గర నిలబడిన నాయన లోపలికి వచ్చాడు. "ఫొటో తీసినాయన తెలీక బొట్టు పెట్టినాడు సార్. మేం పెట్టుకోం. నేనే గీకినాను. మచ్చ కాగితానిదే సార్, పాపది కాదు" అన్నాడు.

ఆఫీసరు ఫొటోను వెలుతురుకు పెట్టి కాసేపు చూశాడు. "బాగానే గీకావయ్యా" అని సంతకం పెట్టాడు. నాకు సీటు వచ్చింది.

హాస్టలుకు బయల్దేరే రోజు ట్రంకుపెట్టెలో పుస్తకాలు సర్దుతూ, నేను ఫొటో దాచిన పుస్తకం తెరిచాను. ఫొటో లేదు. నాలుగు పేజీలు తిప్పితే చిన్న గుడ్డ సంచి ఒకటి కనిపించింది. నా జాకెట్టు కుట్టగా మిగిలిన లేత నీలం ముక్క. చుట్టూ సన్నటి చేతికుట్టు, మూతకు గుండీ, దానికి తీరైన కాజా. లోపల, మూలలు మడత పడకుండా, బొట్టుతో ఉన్న నా ఫొటో.

పంచలో మిషను చప్పుడు ఆగింది.

"దొరికిందా అమ్మా?" అన్నాడు నాయన.

"దొరికింది నాయనా" అన్నాను.

మిషను మళ్ళీ మొదలైంది.