ఖేడ్‌లో రెండు రోజుల పరలోకం

పరలోకానికి టికెట్టు గౌలిగూడ బస్టాండులో ఇస్తారని ఆ ఏడాది ఫిబ్రవరిలో తెలిసింది. నారాయణఖేడ్‌లోని మా సంఘం వాళ్ళు సువార్త కూటాలు పెట్టి, కరపత్రాలు సికింద్రాబాదులో మా ఇంటిదాకా పంపారు. పైన పెద్ద అక్షరాల్లో ‘పరలోకం: ఇక్కడే, ఇప్పుడే’ అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో ‘ఎవరి కంచం, ఎవరి దుప్పటి వారే తెచ్చుకొనవలెను’ అని ఉంది. నేను పాలిటెక్నిక్ పూర్తిచేసి ట్రాన్స్‌ఫార్మర్ల కార్ఖానాలో చేరి అప్పటికి ఏడాది. చిన్న అక్షరాలు ముందు చదవడం ఆ చదువు నేర్పిన అలవాటు.

వెళ్ళాలని నాకేమీ లేదు. అమ్మ పంపింది. అమ్మకు అక్క, మా ఎస్తేరు పెద్దమ్మ, ఖేడ్‌లో కంగ్టి రోడ్డు పక్కన ఒంటరిగా ఉంటుంది. చాలా ఏళ్ళ కిందట ఆమె ఒక్కగానొక్క కూతురు సుగుణకు కామెర్లు ముదిరాయి. దవాఖానలో లాభం లేదన్నారు. సంఘం వాళ్ళు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. పెద్దమ్మ అన్ని వైపులా చూసి, ఆఖరికి ఒక కోడిని పట్టుకుపోయి పోచమ్మ దగ్గర కోయించింది. సుగుణ బతకలేదు. పాతిపెట్టిన తర్వాతి ఆదివారమే కమిటీ కూర్చుని, విగ్రహానికి బలి ఇచ్చిన నేరానికి పెద్దమ్మను ప్రభుభోజనపు బల్లకు దూరం పెట్టింది. ఆమె చర్చి గుడికి రావచ్చు, పాడవచ్చు, కానుక వేయవచ్చు. రొట్టె, ద్రాక్షరసం మాత్రం ఆమెను దాటి పక్కావిడకు పోతాయి.

“నువ్వు సదువుకున్నోనివి. పాస్టర్ సార్‌తోని మాట్లాడు. ఈసారన్న అక్కను బల్లల చెయ్యి ఎయ్యనియ్యమను,” అంది అమ్మ.

కమిటీ ఇంకో పని కూడా అప్పగించింది. ప్రభుభోజనానికి హైదరాబాదు బేకరీ బ్రెడ్డు తేవాలి, కోయనిది. ఖేడ్‌లోనూ బేకరీ ఉంది. కాని పట్నం నుంచి వచ్చే ప్రసంగీకునికి పట్నం బ్రెడ్డే ఉండాలని తీర్మానించారట. నాలుగు పెద్ద బ్రెడ్లు కొని, అట్టపెట్టెలో సర్ది, నాలుగు పక్కలా సమాన దూరంలో గాలి రంధ్రాలు చేసి, పురికొసతో కట్టాను. ఆ పెట్టె చూసుకుని కొంత గర్వపడ్డానని కూడా చెప్పాలి.

శనివారం ఉదయం ఏడు గంటల బస్సు. వెళ్ళదలచినవారు ఎడమవైపు సీటు పట్టుకోండి. సంగారెడ్డి దాటాక ఎండంతా కుడివైపే. నా పెట్టెను కండక్టరు లోపలికి రానివ్వలేదు, టాపు మీద వేయించాడు. పక్క సీట్లో బస్వరాజ్ అనే మేస్త్రీ కూర్చున్నాడు. పట్నంలో గోడలు కట్టి, చెల్లెలి పెండ్లికి కంగ్టి పోతున్నాడు.

“ఏడికి పోతున్నవ్ తమ్మీ?”

“ఖేడ్‌కు. అక్కడ మీటింగులున్నాయి. పరలోకం వచ్చిందట.”

“ఖేడ్‌కు గూడ అచ్చిందా? మా కంగ్టికి బస్సే సక్కగ రాదు,” అన్నాడు.

జోగిపేటలో బస్సు ఆగింది. అక్కడి చాయ్‌లో చక్కెర ఎక్కువ, నా పంటికి మాత్రం పడలేదు. బస్వరాజ్ పెండ్లికని రెండు ఉల్లిగడ్డల బస్తాలు కొని టాపు మీద వేయించాడు. “నీ డబ్బ మీదనే పెట్టిన. జారకుంట ఉంటది,” అని నాకు భరోసా ఇచ్చాడు. నేను లేచేలోపు బస్సు కదిలింది.

మధ్యాహ్నానికి ఖేడ్ చేరాను. గుడి వెనక మైదానంలో పెద్ద పందిరి వేశారు. ముందు వేదిక మీద ప్రసంగీకునికి, కమిటీకి సోఫాలు. వేదిక కింద చందా ఎక్కువ ఇచ్చినవాళ్ళకు ఇనప కుర్చీలు. వాటి వెనక ఒక తాడు. తాడు వెనక మిగతా జనానికి చాపలు. పరలోకంలో తరగతులు ఉంటాయని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

కమిటీ పెద్ద యోహాను, పాస్టరు కలిసి నా పెట్టె విప్పారు. బ్రెడ్లు నాలుగూ అప్పడాల్లా అతుక్కుపోయి ఉన్నాయి. నేను సమాన దూరంలో చేసిన రంధ్రాల గుండా ఉల్లిగడ్డ వాసన లోపలి దాకా సమానంగా పాకింది.

“గిదేం వాసన?” అన్నాడు యోహాను.

“ఉల్లిగడ్డ,” అన్నాను.

బేకరీకి మనిషిని పంపితే, కూటాల జనం చాయ్‌లోకి బ్రెడ్డంతా కొనేశారు, తీపి బన్నులు మాత్రం ఉన్నాయన్నారు. బన్నుల్లో ఎర్రవీ పచ్చవీ ముక్కలుంటాయని యోహాను వద్దన్నాడు. వంటవాళ్ళకు జనానికి వండడానికే తీరిక లేదు. పాస్టరు గోధుమపిండి సంచి నా చేతికిచ్చి, “నువ్వు దిగింది ఎవరింట్లో?” అని అడిగాడు.

“ఎస్తేరు పెద్దమ్మ ఇంట్లో.”

ఆయన యోహాను వైపు చూశాడు. యోహాను పందిరి గుంజ వైపు చూశాడు. “పొద్దుగాల ఒక పది రొట్టెలు చేసి తెమ్మను. పులియని పిండి, ఉప్పు లేకుండ,” అన్నాడు పాస్టరు.

అదే అదననుకుని అమ్మ మాట అడిగాను. చేసిన చేతికి ఒక ముక్క పెడితే ఏం పోతుందన్నాను. పాస్టరు నా భుజం తట్టి, అది తన ఒక్కడి చేతిలో లేదు, కమిటీ చూడాలన్నాడు. అక్కడే నిలబడ్డ కమిటీ అప్పటికే మైకు సెట్టు చూడడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ప్రసంగం. ప్రసంగీకుడు తెల్లటి సూటు వేసుకున్నాడు. మంచి కంఠం. “పరలోకం పైన లేదు, రేపు లేదు. ఇక్కడే ఉంది, ఇప్పుడే ఉంది! మనం ఇదివరకే అందులో కూర్చున్నాం. మనకంటే ముందు కన్నుమూసి నిద్రించినవాళ్ళు ఎక్కడికీ పోలేదు. రేపు ఈ బల్ల దగ్గర వాళ్ళూ మనమూ ఒకే పంక్తిలో ఉంటాం!” అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడే తాడు దాటి వచ్చిన ఒక ముసలాయనను వాలంటీరు చెయ్యి పట్టుకుని చాపల మీదికి పంపించాడు.

చాప చివర కూర్చున్న పెద్దమ్మ మాత్రం కదలకుండా విన్నది. ఇంటికి నడుస్తుంటే అడిగింది. “ఇప్పుడే అన్నడు గద కొడుకా?”

“అన్నాడు.”

“అంటె రేపు సుగుణ ఆడ కూసుంటదా?”

ట్రాన్స్‌ఫార్మర్ల చదువులో ఈ పాఠం లేదు. “ఆయన అలాగే చెప్పాడు పెద్దమ్మా,” అన్నాను.

“మరి గిన్నేండ్ల సంది అది నా కోసం సూస్తున్నట్టే గద,” అంది.

ఆదివారం తెల్లవారగానే పొయ్యి వెలిగించింది. తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, పాట పాడుతూ రొట్టెలు చేసింది. మొదటి రొట్టె కాలిందో లేదో చూడడానికి అంచు తుంచి నోట్లో వేసుకుంది. దానితో సహా పది రొట్టెలూ తెల్లటి బట్టలో చుట్టి నాకిచ్చింది. నేను మోసుకెళ్ళి పాస్టరుకు అందించాను. ఈసారి మీద ఎవరూ ఏమీ పెట్టకుండా చూసుకున్నాను.

ఆరాధన చివర పందిట్లో బల్ల వేశారు. ఆడవాళ్ళు వరుసగా వచ్చి మోకరించారు. రెండో వరుసలో పెద్దమ్మ ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ సమయానికి చేతులు ముడుచుకునే మనిషి, ఆ రోజు రెండు చేతులూ చాచి మోకరించింది. పాస్టరు పళ్ళెం పట్టుకుని వచ్చాడు. ఆయన చెయ్యి పెద్దమ్మ అరచేతుల మీదుగా పక్కావిడ దగ్గరికి పోయింది.

“పాస్టర్ సార్, నా చేతులు కనవడ్తలేవా?” అంది పెద్దమ్మ.

“తర్వాత మాట్లాడుకుందాం, లేమ్మా.”

ఆమె లేవలేదు. ప్రసంగీకుని సోఫా వైపు తిరిగింది. “ఏం సారూ, నిన్న ఇప్పుడే అంటివి గద. పోయినోళ్ళు గీ బల్ల కాడ మనతోనే ఉంటరంటివి. నా బిడ్డ గీడున్నది. దాని పక్కన కూసోకుంట నన్నాపేది ఎవరు?”

ప్రసంగీకుడు ఎంతో దయగా నవ్వాడు. “అమ్మా, నేను చెప్పింది ఆత్మీయ భావంలో.”

“నా బిడ్డ ఆత్మీయ భావంల సావలేదు సారూ.”

నేను లేచి, ఆ పళ్ళెంలోని రొట్టె ఆమె చేసిందేనని అందరికీ వినపడేలా చెప్పాను.

“చేసుడు వేరే, తినుడు వేరే,” అన్నాడు యోహాను. “వచ్చే కమిటీ మీటింగుల పెడదాం.”

ప్రసంగీకుడు కూడా, సంఘ క్రమం ప్రకారం అదే సబబని తల ఊపాడు. మొత్తం మీద పరలోకం అందరికీ ఇప్పుడే. మా పెద్దమ్మకు మాత్రం వచ్చే మీటింగులో. పెద్దమ్మ కొంగు సర్దుకుని లేచి, తాడు దాటి, చాపల మధ్య నుంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళింది. కూటాల బిర్యానీ నాకు అక్కర్లేదనిపించి నేనూ వెనకే వెళ్ళాను.

నేను ఇంటికి చేరేసరికి ఆమె మళ్ళీ పొయ్యి ముందు కూర్చుని, నా ప్రయాణానికి జొన్నరొట్టెలు కొడుతోంది. నేను గడప మీద కూర్చుని కమిటీని పేరుపేరునా తిట్టడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఆమె నవ్వింది.

“నువ్వెందుకు పరేషాన్ అయితవ్? నేను తిన్న.”

“ఎప్పుడు?”

“పొద్దుగాల. మొదటి రొట్టె.”

“అప్పటికి దాన్ని దీవించలేదు కదా పెద్దమ్మా.”

“గా సూటాయన ఏం జెప్పిండు? రేపు లేదు, అంత ఇప్పుడే అన్నడు. మరి నేను ముంగట తింటే ఏంది, పాస్టర్ సార్ ఎనక దీవిస్తె ఏంది? ఆయన లెక్కల ఫరక్ ఏమున్నది? గా దీవెన నా కడుపులున్న ముక్కకు గూడ తాకింది.”

రెండు మూడు రకాలుగా సరిచూశాను. ఆయన చెప్పింది నిజమైతే ఆమె లెక్కలో తప్పు లేదు.

ఆమె రొట్టెను పెనం మీద తిప్పి, మెల్లగా అంది. “మొదటి రొట్టె నాకే అని గిట్లనే పొయ్యి కాడ కూసోని లొల్లి జేసేది, సుగుణ. ఇప్పుడు నీకు రొట్టె కొడుతుంటె యాదికచ్చింది. అది ఈడనే ఉన్నది. నేనే గిన్నేండ్లు ఉట్టిగ ఆ బల్ల కాడ దాన్ని దేవులాడిన.”

తర్వాత కళ్ళు తుడుచుకోకుండానే ఎల్లిపాయ కారం నూరింది. మూడు రొట్టెలు కారంతో సహా మూట కట్టి, “దారిల తినుర్రి,” అని, ఒక్కణ్ణే పోతున్నా అందరికీ చెప్పినట్టు, నా చేతిలో పెట్టింది.

రెండు గంటల బస్సు. ఈసారి కూడా ఎడమవైపే కూర్చున్నాను, కిందటిసారి ఎండ లేదన్న అలవాటుతో. తీరా మధ్యాహ్నం ఎండ కుడివైపే ఉంది, అది నా అదృష్టం. బస్సు కదలబోతుండగా తెల్ల సూటు ఎక్కింది. కమిటీ మాట్లాడిన జీపు ఫ్యాను బెల్టు తెగిందట. బిర్యానీ ఇంకా దించలేదట. మిగిలిన ఒకే ఒక సీటు నా పక్కది.

బస్సు ఊరు దాటాక నేను మూట విప్పాను. కారం వాసనకు ఆయన తల తిప్పాడు. “ఇంటి రొట్టెలా, బాబూ?” అన్నాడు. ఒకటి ఇచ్చాను. తినడం మొదలుపెట్టాక పొలాలు చూడడం మానేశాడు.

“ఇలాంటి రొట్టె తిని ఎన్నాళ్ళయిందో! చేసిన చెయ్యి దీవించబడాలి. ఎవరు చేశారు?”

“ఆ చెయ్యి సంగతి వచ్చే మీటింగులో చూస్తారండి,” అన్నాను.

మొదట ఆయనకు అర్థం కాలేదు. తర్వాత నమలడం ఆగింది. “అది... స్థానిక సంఘం విషయం, బాబూ,” అన్నాడు. అవునండి అన్నాను. శంకరంపేట వచ్చేలోపు ఆయన ఆ రొట్టె మొత్తం తినేశాడు.

వెళ్ళదలచినవారికి నా అభిప్రాయం రాయాలి కనుక రాస్తున్నాను. ఆ సూటాయన అబద్ధం చెప్పలేదు. ఖేడ్‌లో పరలోకం ఉంది, ఇప్పుడే ఉంది. చిరునామా మాత్రం కరపత్రంలో తప్పు పడింది. కంగ్టి రోడ్డు పక్కన ఎస్తేరమ్మ ఇల్లు ఎక్కడని అడగండి, పొయ్యి వెలిగించే వేళకు వెళ్ళండి. కంచం తీసుకుపోనక్కర్లేదు.

జోగిపేట దగ్గరపడుతుండగా ఆయన గొంతు సవరించుకుని, నా ఒళ్ళోని మూట వైపు చూస్తూ, “ఇంకొకటి ఉందా, బాబూ?” అని అడిగాడు.

ఇచ్చాను. ఎవరినైనా దాటి పొమ్మని పెద్దమ్మ నాకు చెప్పలేదు.